నవ్వని కోడలి తరఫున

మర్గిలాన్ పట్టణం, పట్టుకాయల వీధి మహల్లా సమితి అధ్యక్షులు నెమత్‌జాన్ గారి సముఖమునకు

అయ్యా,

విషయం: మా చెల్లెలు మువత్తర్‌పై ఆమె అత్తగారు హూరినిసా గారు తమ సమితికి ఇచ్చిన ఫిర్యాదుకు సమాధానము, రానున్న గురువారం విచారణ జరుపు తీరు గురించి, మహల్లా ఆరోగ్య కేంద్రంలో ఆడవారికి తలుపు గల గది గురించి మనవి.

తమ మహల్లాలోనే పుట్టి, పట్టు పడుగులకు రంగు కట్టే పని చేసుకుని బతుకుతున్న కరోమత్ అను నేను వ్రాసుకొను విన్నపము.

ఫిర్యాదు ప్రతి మాకు అందింది. చదివాను. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. హూరినిసా గారు అబద్ధమాడే మనిషి కాదు. కళ్ళతో చూసిందే రాయించారు. చూసినదాని వెనక ఏముందో ఆమెకు తెలియదు, అంతే. అది తెలియజేయాలంటే ముందుగా ఒక ఉదయం సంగతి మనవి చేసుకోవాలి.

ఖుబానీ పళ్ళు రాలుతున్న రోజులు. తెల్లవారు నమాజు ముగించుకుని, తందూరులోంచి తీసిన రొట్టెలు గుడ్డలో చుట్టుకుని చెల్లెలి ఇంటికి వెళ్ళాను. అప్పటికి ఆమె కొడుకు బెహ్‌జాద్‌కు ఊయల పండుగ అయి చాలా రోజులైంది. ముంగిలి ఊడ్చి, నీళ్ళు చల్లి ఉంది. ఆమె భర్త సర్వర్ చిన్న వ్యానులో గుడ్డల తానులు సర్దుకుంటున్నాడు. మువత్తర్ వసారా స్తంభం పక్కన తెల్ల ముసుగు సవరించుకుని నిలబడి ఉంది.

కోడలి సలాం గురించి తమకు నేను చెప్పనక్కరలేదు. పొద్దున్నే గది తలుపు తెరుచుకుని వచ్చే ప్రతి పెద్దకూ నడుము వంచాలి. చాలా ఇళ్ళలో కాన్పుతో అది ఆగిపోతుంది. హూరినిసా గారి ఇంట్లో ఆగలేదు.

మొదట మామగారు మమాసాలీ గారు వచ్చారు. పెళ్ళిళ్ళలో జరిగే మాటల పందేల్లో ఆయనకు ఎదురు నిలిచినవారు ఈ ఊళ్ళో లేరని తమరెరుగుదురు. మువత్తర్ కొంచెంగా వంగింది.

"వెయ్యేళ్ళు బతుకు తల్లీ," అన్నారాయన. "కాకపోతే అన్నేళ్ళూ పొద్దున్నే నా గుర్రపు మొహం చూడాలి. ఆలోచించుకుని చెప్పు."

సర్వర్ వ్యాను వెనక నుంచి నవ్వాడు. నేనూ నవ్వాను. మువత్తర్ పెదవులు బిగించి నేల చూసింది. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని కుళాయి వైపు వెళ్ళిపోయారు. వచ్చినంత చురుగ్గా వెళ్ళలేదు.

తర్వాత హూరినిసా గారు, ఆమెతో కువా నుంచి వచ్చిన పెద్దత్త బయటికి వచ్చారు. పెద్దత్త ముసలిది, మర్యాదలు పట్టి పట్టి చూసే మనిషి. మువత్తర్ వంగింది. సగంలో ఆగిపోయింది. స్తంభాన్ని పట్టుకుంది. మెల్లగా లేచి నిలబడింది.

"ఏమే హూరినిసా," అంది పెద్దత్త, "నీ కోడలు సలాం సగం ఇక్కడ చేసి, మిగతా సగం పుట్టింట్లో చేస్తుందా?"

హూరినిసా గారు నవ్వేశారు గానీ ముఖం ఎర్రబడింది. నన్ను చూసి, "సమయానికి వచ్చావు కరోమత్ వదినా! మీ చెల్లెలు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ ఇనుప చువ్వ ఏమైనా మింగిందా? మెడ వంగదు," అన్నారు.

"నడుము నొప్పేమో వదినా," అన్నాను. నాకు అప్పటికి అంతే తోచింది.

"నడుము నొప్పి నాకుండాలి. ఇరవై నాలుగేళ్ళ పిల్లకి నడుము నొప్పా? రా, టీ తాగు."

అందరం కూర్చున్నాం. మువత్తర్ అందరికీ టీ పోసింది. తన కప్పు బోర్లించి పక్కన పెట్టుకుంది. మమాసాలీ గారు పక్కింటివారు కొన్న గాడిద కథ ఎత్తుకున్నారు. "ఆ గాడిద యజమాని ఎటు తోలినా కదలదు. అత్తారింటి వీధి మలుపు రాగానే మాత్రం దానంతటదే తిరుగుతుంది. ఊరంతా గాడిద మొండిదంటారు. నేనంటాను, పులావు ఎక్కడ బాగా వండుతారో ఆ ఇంట్లో తెలిసింది దానికొక్కదానికే!" పెద్దత్త పళ్ళు లేని నోటితో పకపకా నవ్వింది. హూరినిసా గారు కళ్ళు తుడుచుకున్నారు. మువత్తర్ టీ కూజా కింద పెట్టి, లేచి, వసారా దిగి పరుగున వెళ్ళిపోయింది.

పెద్దత్త నవ్వు ఆపి అటు తల తిప్పింది.

"చూశావా?" అన్నారు హూరినిసా గారు నాతో. "మా ఇంట్లో గోడలు కూడా నవ్వుతాయి. ఈ పిల్ల నవ్వదు. మేమేమైనా గోడల కంటే తీసికట్టా?"

నేను లేచి వెళ్ళాను. పశువుల పాక వెనక బట్టలుతికే రాయి దగ్గర ఉంది. నన్ను చూసి చేతిలో గుడ్డ వెనక్కి దాచింది.

"ఏమైందే?"

"ఏం కాలేదక్కా. వెళ్ళు, టీ చల్లారిపోతుంది."

"టీ సంగతి తర్వాత. ఏమైంది?"

నా వైపు చూడకుండా రాయి మీద నీళ్ళు పోసింది.

"ఆగడం లేదక్కా."

"ఏది?"

"ఉచ్చ."

అయ్యా, తమకు రాసే కాగితంలో ఈ మాట రాయవచ్చునో రాయకూడదో తెలియక లేచి పెరట్లో అటూ ఇటూ తిరిగి వచ్చాను. దీనికి ఆసుపత్రి భాషలో మూత్ర నియంత్రణ లోపము అని పేరు ఉంది. అలా రాస్తే పెద్దమనుషులు చదవడానికి బాగుంటుంది. మా చెల్లెలు అన్నది మాత్రం ఇదే. అన్నది అన్నట్టు ఉంచాను.

"బిడ్డ పుట్టినప్పటి నుంచి ఇంతే. వంగితే పడుతుంది. తుమ్మితే పడుతుంది. బిందె ఎత్తితే పడుతుంది. అవన్నీ ఎలాగో తప్పించుకుంటాను. నవ్వితే మాత్రం ఆపలేను. ఈ ఇంట్లో నవ్వకుండా ఎలా బతకాలక్కా? మామగారు నోరు తెరవగానే అమ్మ జనాజా మోసుకెళ్ళిన రోజు గుర్తు తెచ్చుకుంటాను."

గుడ్డ తీసుకుని నేనే పిండాను.

అది ఆ ఉదయం. ఇక ఫిర్యాదులోని అభియోగములకు వరుసగా సమాధానము ఇచ్చుకొనుచున్నాను.

1. "కోడలు పెద్దలకు సలాం సరిగా చేయదు, తలబిరుసు" అన్న అభియోగము. మొదటి సగం ఒప్పుకుంటున్నాము. రెండో సగం నిజం కాదు. వంగినప్పుడు పొట్ట మీద ఒత్తిడి పడుతుంది. ఆ ఒత్తిడిని ఆపవలసిన కండరములు కాన్పులో సాగిపోయి ఉన్నాయి. సదరు సలాం సగంలో ఆగిపోవడానికి ఇదే కారణము. తలకు దీనితో సంబంధం లేదు.

2. "మా ఇంటి టీ ముట్టదు, అందులో ఏదో కలిపామని అనుమానపడుతోంది" అన్న అభియోగము. టీ ముట్టకపోవడం నిజం. మా ఇంట్లోనూ ముట్టదు. ఎవరి ఇంట్లోనూ ముట్టదు. ఎండాకాలంలో నీళ్ళు కూడా గొంతు తడిసేంతే తాగేది. తాగకపోతే పడదని దాని లెక్క. పాలు తాగే బిడ్డ ఒడిలో ఉండగా తల్లి నాలుక ఎండిపోయి తిరిగింది. హూరినిసా గారు కప్పు నింపి ఇచ్చినప్పుడల్లా అది అవమానంగా వెనక్కి వచ్చింది. ఇద్దరిలో ఎవరి తప్పని రాయమంటారు?

3. "పుట్టింటి పరుపులు, బొంతలు రోజూ ఎండకు వేస్తోంది, మూట కట్టుకు పోవుటకు సిద్ధపడుచున్నది" అన్న అభియోగము. వీధంతా ఈ మాటే నమ్మింది. కోడలు తన పరుపులు కిందికి దించిందంటే కాపురం దించినట్టేనని మన వాళ్ళకు పుట్టుకతో తెలుసు. నాకూ తెలుసు. పరుపు తడిసిందని, తడిస్తే ఎండబెట్టాలని మాత్రం ఎవరికీ తోచలేదు. సర్వర్ ఒకసారి అడిగాడట. తలనొప్పి, వాంతి అయిందని చెప్పింది. ఆ మంచివాడు తలనొప్పి మాత్రలు తెచ్చి ఇచ్చాడు. అవి ఇంకా అల్మారాలోనే ఉన్నాయి.

4. "భక్తి లేదు, స్త్రీల ప్రార్థనలో వరుస మధ్యలో విడిచి పోయినది" అన్న అభియోగము. పోయింది. నమాజుకు ముందు చేసుకున్న వజూ శుద్ధి పోయిందని పోయింది. శుభ్రం లేనిదాన్నని నమాజు మానేసి, ఎవరూ చూడకుండా ఏడ్చేది. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. కానీ నాకు తెలిసినంతలో చెప్పాను: వజూ పోతే మళ్ళీ చేసుకో, గుడ్డ మార్చుకో, నమాజు చదువుకో. నిన్ను చేసినవాడికి నీ ఒళ్ళు కొత్త కాదు. అది విన్నాక ఆ పూటే చదివింది. భక్తి లేనివాళ్ళు అలా చదవరు.

5. "నవ్వదు" అన్న అభియోగము.

ఫిర్యాదులో దీని కింద ఈ ఒక్క మాటే ఉంది. మిగతావాటికి సాక్షులు, తేదీలు, పెద్దత్త మాటలు ఉన్నాయి. దీనికి ఏమీ లేవు. అందుకే ఇదే అసలు అభియోగమని నాకు తోచింది. మమాసాలీ గారు నవ్వించి బతికిన మనిషి. హూరినిసా గారు ఆయనకు ఒక మెట్టు పైన. వాళ్ళింట్లో కూర్చుని నవ్వకపోవడమంటే వాళ్ళు పెట్టిన అన్నం పక్కకు నెట్టడమే. వాళ్ళకు బాధ కలిగింది. ఆ బాధ న్యాయమైనదే. ఈ పిల్ల పెళ్ళికి ముందు ఎలా ఉండేదో మా వీధిలో ఎవరినైనా అడగండి. చావింటికి తీసుకెళ్ళాలంటే నాకు భయంగా ఉండేది, ఎక్కడ నవ్వుతుందోనని.

కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. గురువారం దగ్గరికి వస్తోంది. మువత్తర్‌ను బిడ్డతో సహా విచారణ అయ్యేదాకా మా ఇంటికి పంపించారు. ఇక్కడ కూడా బిడ్డను ఎత్తుకుని గదిలోంచి గదిలోకి తిరుగుతూ ఉంది. నేను తస్బీ పూసలు తిప్పుతూ తిరుగుతున్నాను. మా ఇంట్లో ఒకచోట నిలిచి ఉన్నది తందూరు ఒక్కటే.

ఇక వైద్యము విషయము.

ఆ ఉదయం తర్వాత చెల్లెల్ని మొదట మన మహల్లా ఆరోగ్య కేంద్రానికే పంపాను. పేరు రాసే బల్ల వరండాలో ఉందని తమరెరుగుదురు. పేరు రాసే ఆమె చెడ్డది కాదు, చెవులు సరిగా వినపడవు. "ఏం బాధ?" అని అరుస్తుంది. బాధ ఉన్నవాళ్ళూ అరవాలి. వెనక మగవాళ్ళు, పక్కన ఆడపడుచు తోటికోడలు, ఎదురుగా బడి పిల్లలు. మువత్తర్ "జలుబు" అని అరిచింది. దగ్గు మందు ఇచ్చారు. ఆ రోజు ఆమెకు లేనిది ఏదైనా ఉంటే అది దగ్గు ఒక్కటే.

తర్వాత నేనే ఫెర్గానా పట్టణానికి తీసుకెళ్ళాను. హూరినిసా గారితో "పని ఉంది" అన్నాను. ఏం పని అని అడక్కుండా చూడమని దారంతా దేవుణ్ణి వేడుకున్నాను. ఆమె అడగలేదు. అక్కడి డాక్టరమ్మ వయసులో చిన్నది, తలుపు గడియ పెట్టి మాట్లాడుతుంది.

"నీళ్ళు మానేస్తే తగ్గుతుందని నీకెవరు చెప్పారమ్మా?" అని అడిగింది.

"ఎవరూ చెప్పలేదండీ."

"అదే వచ్చిన చిక్కు. ఎవరూ ఏమీ చెప్పరు. నీళ్ళు మానేస్తే చిక్కటి మూత్రం సంచీని ఇంకా రేపుతుంది. తాగు. టీ కొంచెం తగ్గించు, నీళ్ళు తాగు."

"ముసలివాళ్ళకి కదండీ ఇది వచ్చేది?" అని మువత్తర్ అడిగింది. గొంతు వినపడీ వినపడనట్టు ఉంది.

"ఇప్పుడే ఒకమ్మాయి వెళ్ళింది, చూశావా? పెళ్ళే కాలేదు. కుస్తీ పట్టే పిల్ల. గెంతేవాళ్ళకి, బరువులెత్తేవాళ్ళకి కూడా వస్తుంది. ఎవరికి వారే ఊళ్ళో తనొక్కదానికే ఉందనుకుంటారు. చెయ్యి బెణికితే ఊపించి బాగు చేస్తాం కదా? ఇదీ కండరమే. బిగించాలి, పైకి లాగినట్టు పట్టాలి, వదలాలి. ఎలా చేయాలో నేను చూపిస్తాను. నెలలు పడుతుంది. మధ్యలో మానేయకు, మధ్యమధ్యలో నా దగ్గరికి రా. చాలామందికి దీనితోనే నయమవుతుంది. కాకపోతే వేరే దారులున్నాయి."

బయటికి వచ్చాక మువత్తర్ దారి పక్కన కుళాయి దగ్గర ఆగి దోసిలి పట్టి నీళ్ళు తాగింది. మళ్ళీ తాగింది. మళ్ళీ. నేను బిడ్డను పట్టుకుని నిలబడి చూశాను.

రెండోసారి వెళ్ళవలసిన రోజుకే ఫిర్యాదు వచ్చింది. సాధన ఆగిపోయింది. ఆమెకు మనసు కుదరడం లేదు. సమితివారు తలబిరుసు అని రాసి పంపిస్తే ఈ పిల్ల ఆ మాటే మోసుకుని బతుకుతుంది గానీ నిజం చెప్పదు. "గర్విష్ఠి అనుకోనీ అక్కా, తడిసేదని అనుకోవడం కంటే నయం," అంది నాతో. ఆ మాట విన్నప్పుడే కాగితం తీసుకున్నాను. రాస్తానని చెప్పాను. "రాయి. కానీ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఎవరూ చదవకూడదు," అంది.

కావున ఈ క్రింది విన్నపములు:

(అ) గురువారం నాటి విచారణ చాయ్‌ఖానా గదిలో పెద్దమనుషుల మధ్య కాకుండా, సమితిలోని ఆడవారి ముందు మాత్రమే జరిపించవలెను. ఈ అర్జీని తమరు కళ్ళతో చదవండి, నోటితో చదవవద్దు.

(ఆ) బిడ్డను కన్న కోడళ్ళు గుండె మీద చెయ్యి పెట్టి చేసే సలాం కూడా సలామేనని తమరు ఒక మాట అనవలెను. ఇమాము గారిని అడిగాను. వంగడం మన ఊరి మర్యాదే తప్ప ధర్మం కాదన్నారు. మర్యాదను పెద్దలే పెట్టారు, పెద్దలే సడలించవచ్చు.

(ఇ) ఆరోగ్య కేంద్రంలో ఆడవారి కోసం తలుపు మూసుకునే గది ఒకటి ఇప్పించవలెను. పేరు రాసే బల్ల కూడా లోపలికి మార్పించవలెను. గది ఉంటే తను వచ్చి మన నర్సుకు ఆ సాధన నేర్పి వెళతానని ఫెర్గానా డాక్టరమ్మ తనంతట తానే అంది. గిడ్డంగి గదిలో విరిగిన కుర్చీలు తప్ప ఏమీ లేవని నేను చూసి వచ్చాను. కుర్చీలు మా తమ్ముడు బాగు చేసి ఇస్తాడు.

నేను ఎన్నడూ ఏ కార్యాలయానికీ కాగితం పెట్టిన మనిషిని కాను. మాట ఎక్కడైనా మోటుగా ఉంటే, అది మా పిల్ల బాధ మోటుదనం, తమ పట్ల అమర్యాద కాదు. తమరు కూడా ఆడపిల్లల తండ్రి. ఇది పై నుంచి కిందికి ఒకసారి, గురువారం లోపల, చిత్తగించవలెనని వేడుకొనుచున్నాను.

తమ క్షేమం కోరుతూ అయిదు పూటలా చేతులెత్తే విధేయురాలు,

కరోమత్

తాజా కలం: పై కాగితం మధ్యాహ్నం ముగించాను. రేపు పొద్దున్నే తెచ్చి ఇద్దామనుకున్నాను. సాయంత్రం జరిగింది కూడా తమకు తెలియాలి కాబట్టి ఇక్కడే రాస్తున్నాను. మర్యాద భాష ఇక నాకు చేతకావడం లేదు, మన్నించండి.

దీపాలు పెట్టే వేళకు మా తమ్ముడు ఎర్గష్ వచ్చాడు. కాగితం చదివి ముఖం మాడ్చుకున్నాడు.

"ఇది ఇస్తావా అక్కా? ఊరంతా తెలుస్తుంది. పిల్లని బిడ్డతో సహా ఇక్కడే ఉంచేద్దాం. పొగరు పట్టి వచ్చేసిందంటారు, అననీ. పొగరుంటే ఎవరూ చావరు."

"పోనీ నేను చస్తానా దీనివల్ల?" అంది మువత్తర్ గది గుమ్మంలోంచి. "డాక్టరమ్మ బాగవుతుందంది."

అంతలో వీధిలో వ్యాను ఆగింది. హూరినిసా గారు మనవడికని పాల రొట్టెలు పట్టుకుని దిగారు. సర్వర్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆమె ఎవరి ముఖమూ చూడకుండా లోపలికి వచ్చి, "నా మనవడిని చూసి పోదామని. మీతో మాట్లాడ్డానికి కాదు," అన్నారు.

మేమెవరం నోరు తెరవకముందే మువత్తర్ వచ్చి ఆమె ఎదుట కూర్చుంది. చెప్పేసింది. నాకు చెప్పిన మాటతోనే చెప్పింది. ఎర్గష్ లేచి పెరట్లోకి పోయాడు.

హూరినిసా గారు రొట్టెల మూట ఒళ్ళోనే పెట్టుకుని విన్నారు.

"అయితే మా మీద కోపం కాదా?"

"కాదత్తమ్మా."

"మామగారి మాటలు నీకు నచ్చకనా?"

"నచ్చే, అత్తమ్మా. అదే కదా గొడవ."

నేను ఆమె ఏదో ఒక చతురోక్తి విసురుతారని చూశాను. ఆమె విసరలేదు. రొట్టెల మూట పక్కన పెట్టి, "గుల్‌చెహ్రా," అన్నారు. అది ఆమె కూతురి పేరు. పై వీధిలో కాపురం.

"రెండో కాన్పు తర్వాత పండక్కి కూడా రావడం మానేసింది. వస్తే గుమ్మం పక్కనే కూర్చుంటుంది. తాగదు. నవ్వదు. వాడేదో బాధ పెడుతున్నాడని అల్లుణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను వదినా. నడివీధిలో తిట్టాను."

ఆ మాట అన్నాక ఆమె మువత్తర్ చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. నేను లేచి టీ పెట్టాను. మువత్తర్ బోర్లించి ఉన్న తన కప్పు పైకి తిప్పి పెట్టింది, సగం పోయమంది.

తర్వాత ఎర్గష్‌ను, సర్వర్‌ను లోపలికి పిలిచి కూర్చోబెట్టాము. రెండు కుటుంబాలూ కలిసి తీసుకున్న నిర్ణయాలు ఇవి. హూరినిసా గారు తమ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. గురువారం విచారణ అక్కరలేదు. అదే గురువారం సర్వర్ వ్యానులో మువత్తర్‌ను, గుల్‌చెహ్రాను ఫెర్గానా తీసుకెళతాడు, దారిలో ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాడు. పిల్లలను హూరినిసా గారు చూసుకుంటారు. ఆ ఇంట్లో సలాం ఇక చేతితోనే. పెద్దత్త ఏమైనా అంటే జవాబు హూరినిసా గారిది.

"ఆయన నోరు కూడా కొన్నాళ్ళు కట్టేయిస్తాను," అన్నారామె మమాసాలీ గారి గురించి.

"వద్దత్తమ్మా," అంది మువత్తర్. "డాక్టరమ్మ నవ్వొద్దని చెప్పలేదు. నేను గుడ్డ మార్చుకుని వచ్చి మళ్ళీ కూర్చుంటాను."

అదీ నిర్ణయంలో చేరింది.

చివరికి ఎర్గష్, "అయితే అక్కా, ఈ కాగితం చింపేయనా?" అన్నాడు. హూరినిసా గారు వాడి చేతిలోంచి లాక్కున్నారు. "చింపుతావా? నా కూతురు ఆ వరండాలో నిలబడి అరవాలా?" అన్నారు. కళ్ళద్దాలు తెప్పించుకుని మొత్తం చదివారు. తనను గురించి రాసిన చోట రెండుసార్లు చదివారు.

కనుక (అ) విన్నపములో విచారణ మాట తమరు పట్టించుకోనక్కరలేదు, కళ్ళతోనే చదవమన్న మాట మాత్రం అలాగే ఉంది. (ఆ), (ఇ) విన్నపములు అలాగే ఉన్నవి. నా పేరు కింద ఉన్న రెండో సంతకము ఫిర్యాదుదారు హూరినిసా గారిది. ఆరోగ్య కేంద్రం బల్ల గురించి, తమరి గురించి కలిపి ఒక హాస్యం కూడా చేర్చమని ఆమె పట్టుబట్టారు. అది విని అందరూ నవ్వారు, మువత్తర్ కూడా. నేను రాయలేదు. గది ఇవ్వడం ఆలస్యమైతే ఆమే స్వయంగా వచ్చి తమకు వినిపిస్తారు.